‘మోటారు హమ్మంటోంది, తిరగట్లేదు’: రాజాంలో ఒక వైండింగ్ షాపు కేస్ స్టడీ

రాజాంలో పాలకొండ రోడ్డు మీద ఒక మోటారు వైండింగ్ షాపు ఉంది, అంటే కాలిపోయిన మోటారు లోపలి తీగ చుట్లు తీసి కొత్తవి చుట్టే చోటు. వ్యవసాయ మోటార్లు, ఇంటి మోటార్లు, మోటారుని ఆన్, ఆఫ్ చేసే స్టార్టర్ పెట్టెలు బాగుచేస్తారు. షాపు పేరు ఇక్కడ రాయడం లేదు. "మన లెక్కలు ఊరందరికీ ఎందుకు బాబూ, పేరు లేకుండా ఏటైనా రాసుకో" అన్నారు యజమాని. ఆయన్ని అందరూ మేస్త్రీగారు అంటారు. నేనూ అలాగే అంటాను.

నేను విజయనగరంలో ఉంటూ చిన్న షాపులకి వెబ్‌సైట్లు, గూగుల్ లిస్టింగులు (వెతికితే మ్యాపులో కనబడే షాపు వివరాలు), యాడ్స్ చేస్తుంటాను. 2024 నవంబరులో మేస్త్రీగారి నుంచి ఫోన్ వచ్చింది. "మన వెబ్‌సైటు పోనాది. మళ్లీ తెప్పించగలవేటి?" వెబ్‌సైటు పోవడమేమిటో అర్థం కాక బస్సెక్కాను.

వెళ్లి చూస్తే సంగతి ఇది. కొన్నేళ్ల కిందట ఎవరో కుర్రాడు షాపుని గూగుల్‌లో నమోదు చేసి, దాంతోపాటు ఉచితంగా వచ్చే ఒక పేజీ కూడా తయారుచేసి పెట్టాడు. ఆ పేజీకి వెళ్లే క్యూఆర్ కోడ్‌తో స్టిక్కర్లు కొట్టించారు. మేస్త్రీగారు ఏ మోటారు బాగుచేసినా దాని స్టార్టర్ పెట్టె తలుపు లోపలివైపు ఒక స్టిక్కర్ అంటించి వచ్చేవారు. ఎండా వానా తగలని చోటు. పైగా మోటారు ఆగిపోతే రైతు మొదట తెరిచేది ఆ తలుపే. యాడ్ పెట్టడానికి ఇంతకంటే మంచి జాగా నేను ఏ క్లయింటుకీ ఎప్పుడూ చూపించలేకపోయాను, నిజంగా.

కానీ గూగుల్ ఆ ఉచిత పేజీల సదుపాయాన్ని 2024 మార్చిలో ఆపేసింది. కొన్నాళ్లపాటు ఆ లింకు నొక్కితే షాపు లిస్టింగుకి తీసుకెళ్లేది. జూన్ 10 తర్వాత అదీ లేదు. ముందుగా చెప్పే చేశారు. ఆ ఈమెయిల్ వచ్చినా అది కుర్రాడి జీమెయిలుకే వెళ్లి ఉంటుంది. అతను బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటున్నాడు. చేలల్లో ఉన్న స్టిక్కర్లన్నీ ఇప్పుడు లేని పేజీని చూపిస్తున్నాయి. కోడ్ కింద ఫోన్ నంబరు కూడా అచ్చువేయించడం ఒక్కటే అదృష్టం.

అందుకే మొదటి పనిగా సొంత డొమైన్ కొన్నాం. డాట్ ఇన్, ఏడాదికి పెద్ద ఖర్చేమీ కాదు. మేస్త్రీగారి పేరు మీద, ఆయన ఈమెయిలుతో, ఓటీపీ ఆయన ఫోనుకే వచ్చేలా కొన్నాం. నా పేరు మీద కొంటే నాకు సుఖం, క్లయింటు ఎక్కడికీ పోడు. మా లైన్లో చాలామంది చేసే పనే అది. మొదట్లో నేనూ చేశాను, ఒకసారి గొడవయ్యాక మానేశాను.

మూడు రోజులు, ఒక రూళ్ల నోటుబుక్కు

సైటులో ఏం పెట్టమంటారని అడిగితే ఏ షాపాయనైనా ఒకటే చెప్తాడు. ఇన్నేళ్ల అనుభవం, నాణ్యమైన సేవ, మీ సంతృప్తే మా ధ్యేయం. మేస్త్రీగారూ అదే చెప్పారు. నేను సరేనని రాసుకుని, ఎదుటి కొట్లో ఒక రూళ్ల నోటుబుక్కు కొని, మూడు రోజులు షాపులో స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఫోను మోగిన ప్రతిసారీ టైము, ఏ ఊరు, అవతలి మనిషి అన్న మొదటి మాట రాసుకోవడమే పని. స్పీకర్ పెట్టమని బతిమాలుకున్నాను.

ఆ నోటుబుక్కులోవి కొన్ని:

"మోటారు హమ్మంటోంది, తిరగట్లేదు."
"స్టార్టర్ నొక్కితే టప్పుమని కొట్టేస్తంది."
"నిన్నటిదాకా బాగానే పోసింది, ఇవేళ సన్నగా వస్తన్నాయి నీళ్లు."
"బోరులోంచి మోటారు లాగాలి. మీరొస్తారా, మేమే లాగి తెచ్చేదా?"

వైండింగ్ అన్న మాట మొదటి వాక్యంలో వాడినవాళ్లు మూడు రోజుల్లో ఇద్దరే. అనుభవం ఎన్నేళ్లని ఒక్కరూ అడగలేదు. అందరూ అడిగింది మూడే: ఎన్ని రోజుల్లో ఇస్తారు, ఎంతవుతుంది, చేను దగ్గరికి వస్తారా.

రెండోది, టైము. కాల్స్ అన్నీ పొద్దున ఒక గంటన్నరలో ముసురుకుంటున్నాయి. దానికి కారణం తెలియడానికి నాకు రెండో రోజు పట్టింది, మేస్త్రీగారికైతే అది చెప్పాల్సిన సంగతే అనిపించలేదు. వ్యవసాయానికి ఇచ్చే 9 గంటల త్రీఫేజ్ కరెంటు పొద్దున వదులుతారు. రైతు వెళ్లి స్టార్టర్ నొక్కుతాడు, మోటారు తిరగదు. ఆ నిమిషంలోనే ఫోన్. ఇంకో ఎనిమిది గంటల్లో కరెంటు పోతుంది, మొక్కజొన్న ఎండుతోంది. ఆ మనిషికి మన హోమ్ పేజీలో జారే బొమ్మలు చూసే తీరిక ఎక్కడిది?

మూడోది నేను అసలు ఊహించనిది. రాజాం మోటారు షాపుకి హైదరాబాదు నుంచి, విశాఖ నుంచి, ఒకటి చెన్నై నుంచి ఫోన్లు. మన జిల్లాల్లో కొడుకులు ఎక్కడుంటారో తెలిసిందే కదా. తండ్రి సంతకవిటి దగ్గర చేలో నిలబడి కొడుక్కి ఫోన్ చేస్తాడు. కొడుకు కూకట్‌పల్లిలో బస్సులో కూర్చుని రాజాంలో మోటారు షాపులు వెతుకుతాడు. వెతికేది ఒకరు, మోటారు ఉన్నది ఇంకొకరి దగ్గర. ఈ ముక్క తర్వాత నాకు డబ్బు పోగొట్టి మరీ గుర్తుచేసింది, ఆ సంగతి కిందకి వస్తుంది.

నాలుగోది ఎత్తని ఫోన్లు. దాదాపు మూడింట ఒకటి. చేతికి వార్నిష్ ఉంటుంది, లేదా గ్రైండరు మోతలో వినిపించదు, లేదా మేస్త్రీగారు ఏదో బోరు దగ్గర గొలుసు పట్టుకుని ఉంటారు. మళ్లీ చేస్తే, "వేరేవోళ్లకి చెప్పీసాం" అని జవాబు.

మూడో రోజు సాయంత్రం చెప్పేశాను. "మేస్త్రీగారూ, మీకు ముందు కావలసింది వెబ్‌సైటు కాదు, ఫోనెత్తే మనిషి." ఆయన నవ్వి, "అది నాకు తెలీదేటి? నువ్వు వెబ్‌సైటు సెయ్యి" అన్నారు.

ఏ జిల్లా?

గూగుల్ లిస్టింగు చూస్తే అది మరో కథ. బెంగళూరు కుర్రాడు మంచివాడే, ఫోన్ చేసిన సాయంత్రమే యాజమాన్యం మేస్త్రీగారి ఖాతాకి మార్చేశాడు. కానీ లిస్టింగులో షాపు పేరు రెండు లైన్లు ఉంది. అసలు పేరు, దాని వెనక బెస్ట్ అని, నంబర్ వన్ అని, సబ్‌మెర్సిబుల్ అని, రాజాం అని తోక. గూగుల్ నియమం ప్రకారం బోర్డు మీద ఏ పేరుంటే లిస్టింగులోనూ అదే ఉండాలి. తోకలు తగిలిస్తే కొన్నాళ్లు పైకి కనిపించవచ్చు, పట్టుబడితే లిస్టింగే ఆగిపోవచ్చు. మ్యాపులో పిన్ను పాత షెడ్డు దగ్గరే ఉంది. షాపు అక్కడి నుంచి మారి చాలా కాలమైంది.

అడ్రసులో శ్రీకాకుళం జిల్లా అని ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు రాజాం, సంతకవిటి, వంగర, రేగిడి ఆమదాలవలస మండలాలు విజయనగరం జిల్లాలోకి వచ్చాయి. పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్లింది. పొందూరు, జి.సిగడాం శ్రీకాకుళంలోనే ఉండిపోయాయి. అంటే ఈ షాపుకి మోటార్లు వచ్చే ఊర్లు మూడు జిల్లాల్లో ఉన్నాయి. పిన్ కోడ్ మాత్రం ఇప్పటికీ 532తోనే మొదలవుతుంది, అది శ్రీకాకుళం వరస. జనం కూడా అలవాటు కొద్దీ కొందరు శ్రీకాకుళం రాజాం అనే వెతుకుతారు. పైగా ఇంగ్లీషులో ఊరి పేరు జే పెట్టి రాసేవాళ్లు కొందరు, జెడ్ పెట్టి రాసేవాళ్లు కొందరు.

లిస్టింగు అడ్రసులో విజయనగరం జిల్లా అని సరిచేశాం. సైటులో మాత్రం "మేం ఏ ఊర్లకి వస్తాం" అని ఒక పేరా రాసి, మండలాల పేర్లు జిల్లాలతో సహా, మామూలు వాక్యాల్లో పెట్టాం. ఊరి పేరు రెండో స్పెల్లింగు కూడా ఇంగ్లీషు పేజీలో ఒకచోట సహజంగా వచ్చేలా రాశాం. ఊరికో పేజీ చేసి అదే మేటరు ముప్పైసార్లు అతికించమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. అది చేయలేదు. సంతకవిటి పేజీలో, వంగర పేజీలో వేరే చెప్పడానికి మన దగ్గర ఏముంది?

పేరు, పిన్ను మార్చగానే గూగుల్ వీడియో వెరిఫికేషన్ అడిగింది. ఎక్కడా ఆపకుండా, ఎడిట్ లేకుండా ఒకే వీడియో తీయాలి. వీధి కనబడాలి, బోర్డు కనబడాలి, షాపు మనదేనని తెలియాలి. నేను రోడ్డు అవతల నుంచి ఫోన్ పట్టుకుని నడుచుకుంటూ వచ్చాను, మేస్త్రీగారు తాళం తీసి షట్టర్ లేపాలి. మొదటిసారి మధ్యలో ఒక తెలిసినాయన స్కూటరాపి "ఏటి మేస్త్రీ, సినిమాలో ఏస్తన్నావా" అన్నాడు. ఈయన నవ్వుతూ ఆగిపోయారు. రెండోసారి షట్టర్ సగంలో బిగుసుకుంది. మూడోసారి కుదిరింది. లోపలికి వెళ్లి కాయిల్ చుట్టే మిషను, మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు), గోడకి వేలాడుతున్న తీగచుట్టలు, పాత బిల్లు పుస్తకం చూపించి ఆపాను. కొద్ది రోజులకి ఆమోదం వచ్చింది.

లోకల్ వెతుకులాటలో గూగుల్ చూసేవి మూడని అది తనే చెప్తుంది: అడిగినదానికి సంబంధం, దూరం, పేరు ప్రతిష్ఠ. దూరాన్ని మనం మార్చలేం. కేటగిరీ ఎలక్ట్రీషియన్ అని ఉంటే మోటార్లకి దగ్గరగా ఉన్నదానికి మార్చాం. షాపు టైములు పొద్దున 9 అని ఉంటే, మేస్త్రీగారు నిజంగా తెరిచే 7 గంటలకి సరిచేశాం. పొద్దున 7:15కి వెతికినవాడికి ‘మూసి ఉంది’ అని ఎర్ర అక్షరాల్లో కనబడుతోంది ఇన్నాళ్లూ! నన్నడిగితే మొత్తం పనిలో అన్నిటికంటే చవకగా అయిన మేలు అదే.

సారర్

ఇక సైటు. మేటరు కోసం మేస్త్రీగారు ఒక పెన్ డ్రైవ్ ఇచ్చారు, ఫ్లెక్సీల షాపాయన దగ్గర తెచ్చింది. కరపత్రం, ఫ్లెక్సీ, విజిటింగ్ కార్డు అన్నీ అను ఫాంట్లలో ఉన్నాయి. అది ఏ ఫోనైనా, కంప్యూటరైనా చదవగల యూనికోడ్ కాదు. ఎత్తి సైటులో పెడితే ఇంగ్లీషు అక్షరాల కిచిడీ కనబడుతుంది. కన్వర్టర్లు ఉన్నాయి కానీ ఒత్తుల దగ్గర తప్పుతాయి. చివరికి మేస్త్రీగారి అమ్మాయి చదివింది, నేను టైపు చేశాను. డిగ్రీ చదువుతూ షాపు లెక్కలు చూస్తుంది ఆ అమ్మాయి. సగం వాక్యాలు చదువుతూనే "ఇది తీసేయండన్నా, ఎవరూ చదవరు" అంది. తీసేశాను.

నేను వాడే టెంప్లేటు ఇంగ్లీషు అక్షరాలని దృష్టిలో పెట్టుకుని చేసింది. లైన్ల మధ్య ఎడం తక్కువ, బటన్ల ఎత్తు తక్కువ. లాప్‌టాప్‌లో అంతా బాగానే ఉంది. షాపు కుర్రాడి ఫోనులో తెరిస్తే పెద్ద అక్షరాల హెడ్డింగు కింది అంచు తెగిపోయి, రెండు ట వత్తులూ ఎగిరిపోయి, ‘స్టార్టర్ రిపేరు’ కాస్తా ‘సారర్ రిపేరు’ అయింది. కుర్రాడు గట్టిగా చదివి, "సారర్ అంటే ఏటన్నా?" అని అడిగాడు. ఇప్పటికీ ఆ షాపులో స్టార్టర్‌ని సారర్ అనే అంటున్నారు, నా తప్పుకి గుర్తుగా. తెలుగు సైటు చేసేవాళ్లకి ఒక్క మాట: లైన్ ఎత్తు అక్షరం సైజుకి 1.6 రెట్ల కంటే తగ్గించకండి. ‘స్ట్రా’, ‘క్ష్మి’, ‘ట్స్‌’ లాంటివి రాసి చూడండి. ఊరికే ‘తెలుగు’ అని రాసి చూస్తే ఏదైనా బాగానే కనబడుతుంది.

అందమైన తెలుగు ఫాంటు ఒకటి పెడదామనుకున్నాను. ఫాంటు ఫైలు బరువు చూసి మానుకున్నాను. ఫోనులో ఉన్న ఫాంటే చాలు. పేజీలో ముఖ్యమైన భాగం రెండున్నర సెకన్లలోపు కనబడాలన్నది గూగుల్ పెట్టిన కొలత. కానీ మా అసలు పరీక్ష సంతకవిటి వైపు ఒక బోరు దగ్గర జరిగింది. అక్కడ సిగ్నల్ ఒక గీత, నెత్తి మీద ఎండ. పేజీ వచ్చింది, కానీ నేను ముచ్చటపడి పెట్టిన లేత బూడిద రంగు అక్షరాలు ఎండలో ఒక్కటీ కనబడలేదు. తెల్లటి నేల, నల్లటి అక్షరాలు, కింద వేలు ఆనేంత వెడల్పుగా ఎప్పుడూ కదలకుండా ఉండే రెండు బటన్లు: ఒకటి ఫోన్, ఒకటి వాట్సాప్. అదే ఖాయం చేశాం.

ఫోటోల విషయంలో మేస్త్రీగారికీ నాకూ కొంచెం పేచీ. ఆయనకి నెట్‌లో దొరికే నిగనిగలాడే నీలం మోటారు బొమ్మ కావాలి. నేను కాలిపోయిన స్టేటర్ (మోటారులో తీగ చుట్లు ఉండే, తిరగని భాగం) ఒకటి, బొగ్గులా నల్లబడ్డ కాయిల్స్‌తో ఉన్నది, షాపు గుమ్మంలో పెట్టి ఫోటో తీశాను. నాలుగు రోజుల తర్వాత అదే స్టేటర్, అదే గుమ్మం, స్లాట్లలో కొత్త పాలీ వైర్ పొందిగ్గా దిగి ఉన్నది. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూపించాక ఆయన చాలాసేపు ఫోను చూసుకున్నారు. "నా పని ఇలగుంటాదని నేనే సూళ్లేదు" అన్నారు. నీలం మోటారు మాట మళ్లీ రాలేదు.

రేట్ల దగ్గర మాత్రం నేను సగమే గెలిచాను. రేటు పెడితే ఎదుటి షాపువాడు చూస్తాడని ఆయన భయం. రాగి ధర మారుతుంటుంది, ఇవాళ రాసింది రేపు తప్పవుతుందన్నది రెండో మాట. రెండోది న్యాయమే. మొదటిదానికి అమ్మాయే జవాబు చెప్పింది: "ఎదుటాయనకి మన రేటు ఇప్పుడే తెలుసు నాన్నా, తెలీనిది రైతుకే." చివరికి అర హెచ్‌పీ, ఒక హెచ్‌పీ ఇంటి మోటార్లకి రేట్లు పెట్టారు. వ్యవసాయ మోటార్లకి ‘విప్పి చూశాక చెప్తాం, చెప్పాక మీరు సరేనంటేనే పని మొదలు’ అని ఒక వాక్యం, పక్కన ఎన్ని రోజులు పడుతుందో. ఇంటి మోటార్లవాళ్లు ‘ఎంతండీ’ అని అడగడానికే చేసే ఫోన్లు చాలా తగ్గాయి. వ్యవసాయ మోటార్లకి ఆ ప్రశ్న ఇప్పటికీ వస్తూనే ఉంది.

హమ్మనే పేజీ

నోటుబుక్కులో ఎక్కువసార్లు రాసిన వాక్యాన్నే ఒక పేజీకి పేరుగా పెట్టాను: ‘మోటారు హమ్మంటోంది, తిరగట్లేదు. ఏం చేయాలి?’ మేటరంతా మేస్త్రీగారిదే, నేను అడుగుతూ రాసుకున్నాను. హమ్మంటే వెంటనే స్టార్టర్ ఆపెయ్యాలి, మళ్లీ మళ్లీ నొక్కకూడదు. మూడు ఫేజుల్లో ఒకటి రాకపోతే మోటారు లేవదు, హమ్మని మూలుగుతుంది. ఆ రెండు ఫేజుల మీదే ఉంచితే తీగ వేడెక్కి కాలుతుంది. ముందు చుట్టుపక్కల మోటార్లు తిరుగుతున్నాయో లేదో కనుక్కోండి. వాళ్లవీ తిరగకపోతే తప్పు మీ మోటారుది కాదు, లైన్‌మన్‌కి చెప్పండి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు మీరు ముట్టుకోవద్దు. ఈ చివరి వాక్యం ఎర్రగా, పెద్దగా పెట్టమన్నారు. ఎందుకో చెప్పలేదు, నేనూ అడగలేదు.

పూర్తయ్యాక ఆయనకి సందేహం వచ్చింది. "ఇది సదివి సగం మంది ఆళ్లే సూసుకుంటే నాకేటి మిగులుతాది?" ఆ ప్రశ్నకి నా దగ్గర గట్టి జవాబు లేదు, పెట్టి చూద్దామన్నాను. జనవరి నుంచి సెర్చ్ కన్సోల్ (గూగుల్‌లో ఏం వెతికి ఏ పేజీకి వచ్చారో చూపించేది) చూస్తుంటే జనం మన సైటుకి వచ్చే దారుల్లో ఆ పేజీయే ముందుంది, షాపు పేరున్న హోమ్ పేజీ కాదు. చాలామంది ఫోనుతో మాట్లాడి వెతుకుతున్నట్టుంది. ప్రశ్న అచ్చం మనిషితో అన్నట్టే ఉంటోంది, తెలుగులో. కొందరు పేజీ చదివి ఫేజు పోయిందని తెలుసుకుని ఊరుకున్నారు. వాళ్లలో ఎందరు నంబరు దాచుకున్నారో లెక్క తీసే మార్గం లేదు. ఫోన్ చేసి "మీ పేజీలో రాసినట్టు చుట్టుపక్కల చూశాం, వాళ్లవి తిరుగుతున్నాయి, మాదే ఆగింది" అనేవాళ్లు వచ్చారు. అలాంటి ఫోను ఒక నిమిషంలో అయిపోతుంది.

యాడ్స్‌లో పోసిన డబ్బు

జనవరిలో, మొక్కజొన్నకి నీళ్లు పెట్టే రోజుల్లో, గూగుల్‌లో కాల్ యాడ్స్, అంటే నొక్కితే నేరుగా షాపుకి ఫోన్ వెళ్లే యాడ్స్, మొదలుపెట్టాం. రోజుకి 200 రూపాయలు, పైన 18 శాతం జీఎస్టీ. పొద్దున 6 నుంచి 10 దాకా మాత్రమే.

మొదటి తప్పు మూడు రోజులు నడిచింది. రేగిడి ఆమదాలవలస మండలం మనకి పక్కనే కదా అని ఏరియాలో ఆమదాలవలస అని కొట్టి ఎంచుకున్నాను. అది శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్న ఆమదాలవలస. నాగావళి పక్కనుంచి ఫోన్లు వచ్చాయి, అక్కడి నుంచి మోటారు మోసుకుని రాజాం ఎవరొస్తారు? ఈ జిల్లాల్లోనే పుట్టి పెరిగినవాణ్ని, ఆ పొరపాటు ఇంకెవరైనా చేస్తే నవ్వేవాణ్ని. ఊరి పేర్లు తీసేసి రాజాం చుట్టూ కిలోమీటర్ల లెక్కన ఒక వృత్తం గీశాను.

రెండో తప్పు నా అలవాటు వల్ల. గూగుల్ యాడ్స్‌లో ఏరియా పెట్టినప్పుడు, ఆ ఏరియాలో ఉన్నవాళ్లకే కాక ఆ ఏరియా మీద ఆసక్తి చూపినవాళ్లకి కూడా యాడ్ చూపించడమే మామూలు సెట్టింగు. లోకల్ షాపులకి అది డబ్బు దండగ అని మేమంతా కళ్లు మూసుకుని ‘ఉన్నవాళ్లకే’ అని మార్చేస్తాం. నేనూ మార్చాను. రెండు వారాలు గడిచాక అమ్మాయే అడిగింది. "అన్నా, హైదరాబాద్ నుంచి ఫోన్లు ఆగిపోయాయేంటి?" నోటుబుక్కులో నా చేత్తో నేను రాసుకున్న సంగతి! కూకట్‌పల్లిలో కూర్చుని రాజాంలో మోటారు షాపు వెతికే కొడుకుని నేనే బయటికి తోసేశాను. సెట్టింగు వెనక్కి మార్చాను. కొడుకుల ఫోన్లు మళ్లీ మొదలయ్యాయి. వాళ్లు బేరం తక్కువ ఆడతారు, డబ్బు ఫోన్‌పేలో అప్పుడే వేసేస్తారు. మేస్త్రీగారికి వాళ్లంటే ఇష్టం.

ఫేస్‌బుక్‌లో ఒక పోస్టుకి వెయ్యి రూపాయలు పెట్టి బూస్ట్ చేశాం. లైకులు వచ్చాయి, మోటారు ఒక్కటీ రాలేదు. కాయిల్ చుట్టే చిన్న వీడియో (రీలు) ఒకటి బాగా తిరిగింది, చూసినవాళ్లలో ఎక్కువమంది వేరే ఊర్ల వైండింగ్ మేస్త్రీలు. తీగ గేజీ (మందం) ఎంతని, ఎన్ని చుట్లని కామెంట్లలో అడిగారు. మేస్త్రీగారు ఓపిగ్గా అందరికీ జవాబులు చెప్పించారు. వ్యాపారపరంగా సున్నా, ఆయన మాత్రం ఆ వారమంతా హుషారుగా ఉన్నారు.

ఎవరు ఎత్తారు?

ఫోనెత్తే మనిషి గురించి మొదటే చెప్పాను కదా. మూడు రింగుల్లో ఎత్తకపోతే కాల్ ఇంటికి, మేస్త్రీగారి భార్య ఫోనుకి మళ్లేలా ఫార్వర్డింగ్ పెట్టాం. ఆవిడ మొదట ఒప్పుకోలేదు. మోటార్ల సంగతి తనకేం తెలుసని. ఒక కాగితం మీద నాలుగు ప్రశ్నలు రాసి ఫ్రిజ్ మీద అంటించాం: హెచ్‌పీ ఎంత, బోరా బావా, త్రీఫేజా సింగిలా, ఏ ఊరు. నెల తిరిగేసరికి ఆవిడ ఐదోది సొంతంగా కలిపారు. "మోత ఎలగుంది?" ఆ మోత విని కెపాసిటరో, బుష్షో, వైండింగో సగంసార్లు ముందే చెప్పేస్తున్నారు. మేస్త్రీగారు దీన్ని ఒప్పుకోరు.

వాట్సాప్ బిజినెస్‌లో ‘మోటారు నేమ్‌ప్లేట్ ఫోటో పంపండి’ అని ఒక రెడీ మెసేజి పెట్టాను. వచ్చిన ఫోటోల్లో చాలావాటికి నేమ్‌ప్లేట్ తుప్పు పట్టి అక్షరమే లేదు, కొన్నిటికి రేకే ఊడిపోయింది. జనం ఫోటో మానేసి వాయిస్ మెసేజీలు పంపడం మొదలుపెట్టారు, మోటారు మోతతో సహా. అదే ఎక్కువ పనికొచ్చింది.

రివ్యూల కోసం ఎవరికీ తగ్గింపు ఇవ్వలేదు, అది గూగుల్ నియమాలకి విరుద్ధం. మోటారు దించి, నీళ్లు పైపులోంచి పడ్డాక, అప్పుడు షాపు కుర్రాడు అడుగుతాడు. రైతులు నవ్వి ఊరుకుంటారు, కొడుకులు రాస్తారు. ఒకాయన ఒక్క స్టారు ఇచ్చాడు. మూడు రోజులన్నారు, ఆరు రోజులు పట్టిందని. మేస్త్రీగారు ఆ రాత్రి నిద్రపోలేదు, తీసేయించమన్నారు. నిజమేనా అని అడిగితే నిజమే, ఆ గేజీ తీగ టైముకి రాలేదట. అదే రాశాం, పొరపాటు మాదేనని కలిపి. ఏప్రిల్‌లో అదే మనిషి ఇంకో మోటారు తెచ్చాడు. స్టారు మాత్రం మార్చలేదు.

ఫిబ్రవరి మధ్యలో మళ్లీ వెళ్లి మూడు రోజులు కూర్చున్నాను, అదే స్టూలు, అదే నోటుబుక్కు. ఎత్తని ఫోన్లు పదింట ఒకటికి దిగాయి. పాలకొండ వైపు నుంచి, జి.సిగడాం నుంచి ఇంతకుముందు రాని ఊర్లు కొన్ని కనబడ్డాయి. మేస్త్రీగారి భార్య అప్పటికే తన పుస్తకంలో ఒక గడి గీసి ‘ఎలా తెలిసింది’ అని రాసుకుంటున్నారు. నేను చెప్పింది కాదు. అందులో అన్నిటికంటే ఎక్కువగా ఉన్న మాట ‘చుట్టాలు’. రెండోది ‘డోరులో కాయితం’, అంటే స్టార్టర్ పెట్టెలో స్టిక్కర్. గూగుల్ మూడోది, అందులోనూ ఎక్కువ కొడుకులే. వెబ్‌సైటు చూశామని పేరు పెట్టి చెప్పినవాళ్లు ఆ పుస్తకంలో ఒక పేజీకి నలుగురైదుగురు. నా బిల్లు ఆ పుస్తకం పక్కనే ఉంది. మేస్త్రీగారు రెండూ చూశారు, ఏమీ అనలేదు, డబ్బు ఇచ్చారు.

మార్చిలో కొత్త స్టిక్కర్లు కొట్టించాం. ఈసారి ఫోన్ నంబరు పెద్దది, క్యూఆర్ కోడ్ చిన్నది, అది నేరుగా హమ్మనే పేజీకి వెళ్తుంది. కింద ఒక ఖాళీ గీత, బాగుచేసిన తేదీ బాల్‌పెన్నుతో రాయడానికి. గీత ఆలోచన మేస్త్రీగారిది. కొత్త పనికి వెళ్లినప్పుడల్లా దారిలో పాత పెట్టెలు కనబడితే కుర్రాడు ఆగి మార్చి వస్తున్నాడు. ఒకరోజు నేనూ బండి వెనక కూర్చుని వెళ్లాను. వంగర దారిలో ఒక స్టార్టర్ పెట్టె తలుపు తీస్తే లోపల బల్లి, దాని వెనక కాస్త పసుపెక్కిన పాత స్టిక్కర్. కుర్రాడు బల్లిని అదిలించి, బ్లేడుతో కాగితం గీకి, కొత్తది అంటించి, తేదీ కోసం బాల్‌పెన్ను తీశాడు. ఆ మోటారు ఎప్పుడు బాగుచేశారో ఇద్దరికీ తెలియదు. గీత ఖాళీగానే వదిలేసి తలుపు వేశాడు.